నాలుగో మూల

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు చెప్పే మాట ఒకటే:
ఎడమ పక్కన నడవండి,
కుడి పక్కన బావి ఉంది.

రాయదుర్గంలో కొండ కింది వీధి.
ఒక్క గది, పైన రేకులు.
మా నాయన ఓబుళపతికి కలలో నీళ్ళు కనపడినాయి,
పొయ్యి పక్కనే.
తెల్లారి పొయ్యిని వసారాలోకి జరిపి
గడ్డపార దింపినాడు.
అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
పద్నాలుగొచ్చేసరికి ఇరవైరెండు అడుగులు.
నాకంటే అదే బాగా పెరిగింది.

తవ్విన మట్టి పెరట్లో గుట్టయితే
ఆ గుట్టమీద కూర్చుని
తిప్పేస్వామి మామ అర్జీలు రాసేవాడు,
"గౌరవనీయులైన భూగర్భ జలశాఖ వారికి" అని.
జవాబు రాకుంటే జవాబూ తానే రాసి
తన పేరుకే పోస్టు చేసుకునేవాడు.
ఉత్తరమొచ్చిన రోజు ఇంట్లో అందరికీ బెల్లం టీ.

జేజి మారెక్క ప్రతి శుక్రవారం
చెంబుడు నీళ్ళు బావిలో పోసేది.
"తవుడు పెట్టకుండా బర్రె పాలిస్తాదేమ్మే?"

అమ్మకు కలలు రావు,
నిద్ర ఉంటే కదా.
ఫ్యాక్టరీనుంచి జీన్సు ప్యాంట్ల మూటలొస్తాయి,
కుట్ల కొసన వేలాడే దారాలు కత్తిరించాల,
ప్యాంటుకు రూపాయిన్నర.
అమ్మవీ నావీ తమ్ముడు పెన్నోబిలేసువీ
వేళ్ళన్నీ నీలం.
సంగటి ముద్దమీద నీలం ముద్రలు.
బడిలో టీచరు "ఇంకు పెన్నా, వన్నూరమ్మా?" అంటే
అవునన్నాను.
ఇంకు పెన్నున్న పిల్లనుకోనీ.

మార్చి నెల, సైన్సు పరీక్షకు ముందురోజు
పెద్దమనిషినైనాను.
వేరేగా మూలన కూర్చోబెట్టాలంది జేజి.
మూల కోసం ఇల్లంతా వెతికినారు.
ఒక మూల ప్యాంట్ల మూటలు,
ఒక మూల మామ అర్జీలు,
ఒక మూల జేజి, ఆమె మంచం.
నాలుగో మూలను బావి మింగేసింది.
"అయితే బావిలోనే కూర్చుంటా!" అని అరిచినాను.
కోపాన్ని కోపమనుకునే ఇల్లు కాదు మాది.
నాయన నిచ్చెన కట్టినాడు,
అమ్మ చాప పరిచింది,
మామ లాంతరు దించినాడు.

చల్లగా ఉండింది.
గోడనిండా గడ్డపార మొన గుర్తులు,
వేలితో తడుముతూ లెక్కపెట్టి
ఆరువందల దగ్గర వదిలేసినాను.
పరీక్షకు నిచ్చెనెక్కి పోయినాను,
జేజి చూడనట్టు కళ్ళు మూసుకుంది.
వచ్చి మళ్ళీ దిగినాను.
సంగటి గిన్నె తాడుకు వేలాడుతూ వచ్చేది.

మూడో రాత్రి
కింద నేనుండేది మర్చిపోయి
పైన అమ్మ అడుగుతాంది:
"నీళ్ళు పడవని నీకు తెల్సు గదా?"
చానాసేపు ఏ సద్దూ లేదు.
"తవ్వేది ఆపితే
పొద్దున్నే లేచి యాడికి పోవాల నేను?"

లాంతరు ఆర్పేసి
చీకట్లో ఆ గుర్తుల్ని మళ్ళీ తడిమినాను.

ఆరోరోజు తలకు పోసినారు.
సాయంత్రం ట్యాంకరొచ్చింది, డ్రమ్ము నింపుకున్నాం.
అందరూ ఆరుబయట పండుకున్నాక
తొమ్మిది బిందెలు ముంచి
తొమ్మిదీ బావిలో పోసినాను.
బిందె బిందెకూ నేల "ఊఁ" అనేది,
అంతే.

పొద్దున నాయన దిగినాడు.
పైనుంచి అందరం వంగి చూస్తాండాం.
తడిమట్టి చిటికెడు తీసి
నాలుకమీద పెట్టుకున్నాడు.
ట్యాంకరు నీళ్ళకు బ్లీచింగు వాసన ఉంటుందని
నాకప్పుడు గుర్తొచ్చింది.

తలెత్తినాడు.
ఐదు తలల్లో నన్నొక్కదాన్నే చూసినాడు.
"చెమ్మ తగిలింది!" అన్నాడు, వీధంతా వినపడేలా.
జేజి ఏడ్చింది.
మామ కాగితం తీసి "కృతజ్ఞతలతో" అని మొదలుపెట్టినాడు.
అమ్మ అడుగంటిన డ్రమ్ము చూసింది,
నన్ను చూసింది,
కత్తెర నా చేతిలో పెట్టి
"రా, నూటిరవై ఉండాయి" అంది.

ఆ రాత్రి నాయన దగ్గరికొచ్చి
చెవిలో చెప్పినాడు:
"ఈసారి బోరింగు నీళ్ళు పొయ్యిమ్మే.
అవైతే ఉప్పగా ఉంటాయి,
ఈ మట్టికి నప్పుతాయి."